టర్న్‌టేబుల్ మార్చే ముందు: ఖరీదైన డెక్‌లను పోల్చి చూసే పద్ధతి

టర్న్‌టేబుల్ చేయాల్సిన పని చాలా చిన్నది. రికార్డును నిమిషానికి 33⅓ సార్లు నిలకడగా తిప్పాలి, తిప్పేటప్పుడు తన చప్పుడు ముల్లుకు తగలకుండా చూసుకోవాలి, ముల్లు ఉన్న చేతిని గాడి మీద కుదురుగా పట్టుకోవాలి. ఇంత చిన్న పనికి ముప్ఫై వేల డెక్కూ (టర్న్‌టేబుల్‌నే డెక్ అని కూడా అంటారు) ఉంది, ముప్ఫై లక్షల డెక్కూ ఉంది. మధ్యలో ఎక్కడ ఆగాలో తేల్చుకోవడమే కష్టం.

ఇప్పటికే ఒక మాదిరి డెక్ వాడుతూ, స్పీకర్లు, యాంప్లిఫయర్ బాగానే ఉన్నాయనుకుని, ఇక డెక్ మారుద్దామని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణకు మూడు డెక్‌లు తీసుకుంటాను: టెక్నిక్స్ ఎస్ఎల్-1200జి, రేగా ప్లానర్ 8, లిన్ సోండెక్ ఎల్‌పీ12. మార్కెట్లో ఇవి మూడే ఉన్నాయని కాదు. ఒక్కోటీ ఒక్కో ఆలోచనకు ప్రతినిధి. ఈ మూడూ అర్థమైతే మిగతా డెక్‌లు ఏ దారిలో వచ్చాయో ఇట్టే తెలిసిపోతుంది.

మొదటి అడుగు: ఇప్పుడున్న డెక్‌లో జబ్బు ఎక్కడుందో చూడండి

డెక్ మార్చాలనిపించిందంటే వినడంలో ఏదో అసంతృప్తి ఉందన్నమాట. అది డెక్ తప్పేనా అన్నది ముందు తేలాలి. నా లెక్కలో సగం మందికి డెక్ మార్చే అవసరమే ఉండదు.

సైడ్ చివరి పాటలో ‘స’, ‘ష’ వచ్చినప్పుడల్లా గొంతు చిరచిరలాడుతోందా? అదే రికార్డులో మొదటి పాట శుభ్రంగా ఉందా? అయితే తప్పు డెక్‌ది కాదు. ఎల్‌పీ అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు పరుగెడుతుంది. లోపలి గాడుల దగ్గరికి వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే స్వరం సగానికంటే తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. మామూలు గుండ్రటి ముల్లు ఆ సన్నటి వంపుల్లో దూరలేదు. మైక్రోలైన్, షిబాటా లాంటి సన్నటి అంచు ఉన్న ముల్లు వేసి, కాట్రిడ్జ్‌ను (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బీ) ప్రొట్రాక్టర్ అనే కోణాల కొలత పలక మీద సరిగ్గా కూర్చోబెడితే చాలావరకు నయమవుతుంది. దీనికయ్యే ఖర్చు కొత్త డెక్ ధరలో చిన్న ముక్క.

ఎడతెగని ‘హమ్’ వస్తుంటే ముందు ఎర్త్ వైరు, ఆ తర్వాత ఫోనో స్టేజ్ (కాట్రిడ్జ్ ఇచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచే భాగం) చూడండి. బేస్ పల్చగా ఉంటే ముల్లు గాడి మీద మోపే బరువు తూచండి. చిన్న డిజిటల్ త్రాసులు తక్కువ ధరకే దొరుకుతాయి, 0.01 గ్రాము వరకు చూపిస్తాయి. ముల్లు ఎన్ని గంటలు తిరిగిందో గుర్తుందా? వాడకాన్ని బట్టి, ముల్లు రకాన్ని బట్టి 500 నుంచి 1000 గంటలు దాటాక అరిగిపోయి ఉండొచ్చు. అరిగిన ముల్లు శబ్దాన్ని పాడుచేయడంతో ఆగదు, రికార్డును కూడా కోసేస్తుంది.

మరి డెక్ జబ్బులు ఏవి? ఏ రికార్డు వేసినా సాగే స్వరాలు వణకడం, పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దంలో లోతైన గురగుర, స్పీకర్ వాల్యూమ్ పెంచితే బేస్ బురదగా మారడం, ఆర్మ్ (ముల్లు ఉన్న చెయ్యి) బేరింగుల్లో వదులు. వీటిలో ఏదైనా ఉంటే డెక్ మార్చడంలో అర్థం ఉంది.

రెండో అడుగు: మీ అలమరాలో ఏ రికార్డులు ఉన్నాయి?

చాలామంది ఇది వదిలేస్తారు, తర్వాత చింతిస్తారు. తెలుగువాళ్ల ఇళ్లలో రికార్డులంటే కొత్తగా తెప్పించుకున్న 180 గ్రాముల ఎల్‌పీలు మాత్రమే కావు. తాతగారి ట్రంకు పెట్టెలో 78లు (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులు) ఉంటాయి, సినిమా పాటల ఏడంగుళాల ఈపీలు కట్టలు కట్టలుగా ఉంటాయి, పాత మోనో ఎల్‌పీలు ఉంటాయి.

78లు వినాలనుకుంటే మన మూడింటిలో టెక్నిక్స్‌కు ఆ వేగం ఉంది. ప్లానర్ 8 కేవలం 33, 45 మాత్రమే తిప్పుతుంది. 78 గాడి ఎల్‌పీ గాడికంటే దాదాపు మూడు నాలుగు రెట్లు వెడల్పు కాబట్టి దానికి వేరే లావు ముల్లు కావాలి. టెక్నిక్స్ ఆర్మ్‌కు హెడ్‌షెల్ (కాట్రిడ్జ్ బిగించే ఆర్మ్ కొన) ఊడి వస్తుంది. ఒక హెడ్‌షెల్‌కు ఎల్‌పీ కాట్రిడ్జ్, ఇంకోదానికి 78 కాట్రిడ్జ్ బిగించి పెట్టుకుంటే అరనిమిషంలో మార్చుకోవచ్చు, ముల్లు బరువు మాత్రం మళ్లీ సరిచూడాలి. రేగా ఆర్మ్‌లో హెడ్‌షెల్ ఆర్మ్‌తో కలిసే ఉంటుంది. కాట్రిడ్జ్ మార్చాలంటే స్క్రూలు విప్పి, సన్నటి తీగలు పీకి, మళ్లీ మొదటి నుంచి అమర్చాలి.

ఈపీలు ఎక్కువగా వినేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. కొన్ని బెల్ట్ డెక్‌లలో (మోటార్ బెల్టుతో తిప్పేవి) 33 నుంచి 45కు మారాలంటే ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) ఎత్తి చేత్తో బెల్ట్ మార్చాలి. మూడు నిమిషాల పాట కోసం అంత తతంగం ఎవరూ రోజూ చేయరు. రెండు వారాలకే ఈపీలు మళ్లీ అలమరాలోకి వెళ్లిపోతాయి. బటన్ నొక్కితే వేగం మారే డెక్ కావాలని ముందే రాసుకోండి.

మోనో రికార్డులు ఎక్కువుంటే ఫోనో స్టేజ్‌లో గానీ యాంప్లిఫయర్‌లో గానీ మోనో స్విచ్ ఉందో లేదో చూడండి. మోనో రికార్డులో పాట మొత్తం గాడి పక్కలకు ఊగడంలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదలికలో ఉండేదంతా దుమ్ము, గీతలే. ఆ స్విచ్ వేయగానే అదంతా చాలావరకు రద్దైపోతుంది. ఐదు లక్షల డెక్ కూడా ఈ ఉపకారం చేయలేదు.

మూడో అడుగు: మూడు ఆలోచనలూ అర్థం చేసుకోండి

టెక్నిక్స్ 1970లో ఎస్‌పీ-10తో డైరెక్ట్ డ్రైవ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. మోటారే ప్లాటర్ ఇరుసు, మధ్యలో బెల్టూ చక్రమూ ఏమీ లేవు. 1972లో మొదటి ఎస్ఎల్-1200 వచ్చింది. ఆ తర్వాత డీజేలు దాన్ని తమ పనిముట్టుగా చేసుకున్నారు. 2010లో తయారీ ఆగిపోయింది. 2016లో కొత్తగా చేసిన మోటార్‌తో 1200జి రూపంలో తిరిగొచ్చింది. దీని మొత్తం బరువు 18 కిలోలు, ఒక్క ప్లాటరే మూడున్నర కిలోల పైమాట. బరువుతో కంపనాన్ని అణచడం, ఎలక్ట్రానిక్స్‌తో వేగాన్ని కట్టడి చేయడం ఈ బడి పాఠం.

రేగా సరిగ్గా దీనికి ఎదురు. ప్లానర్ 8 మొత్తం బరువు నాలుగు కిలోల పైన కొంచెం. బరువైన వస్తువు శక్తిని నిల్వ చేసుకుని ఆలస్యంగా వదులుతుంది, కాబట్టి తేలిగ్గా, గట్టిగా చేయాలన్నది వాళ్ల వాదన. అందుకే ప్లింత్‌ను (డెక్ అడుగు దిమ్మను) అస్థిపంజరంలా కోసి, లోపల నురుగు లాంటి తేలికపాటి పదార్థం పెట్టి, ఆర్మ్‌కూ ప్లాటర్ బేరింగ్‌కూ మధ్య మాత్రం గట్టి పట్టీ వేశారు. మోటార్‌కు విడిగా పవర్ సప్లై ఉంటుంది, వేగాన్ని సన్నగా సరిచేసుకోవచ్చు.

లిన్ ఎల్‌పీ12 స్కాట్లాండ్ డెక్, 1970ల తొలినాళ్ల నుంచి ఉంది. ప్లాటర్, ఆర్మ్ రెండూ ఒక చిన్న చట్రం మీద ఉంటాయి. ఆ చట్రం మూడు స్ప్రింగుల మీద తేలుతుంది. మోటార్ వేరే ఉంటుంది, దాని వణుకు స్ప్రింగుల దగ్గరే ఆగిపోతుంది. దీని అసలు ప్రత్యేకత విడిభాగాలు. బేరింగ్, చట్రం, పవర్ సప్లై, ఆర్మ్ అన్నీ ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. నలభై ఏళ్ల కిందటి ఎల్‌పీ12కు కూడా కొత్త భాగాలు పడతాయి. అయితే స్ప్రింగులు సరిచేయడం తెలిసిన మనిషి చేయాల్సిన పని. చట్రం పక్కకు ఒరగకుండా నిట్టనిలువుగా ఊగాలి, అది ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం కూర్చుని నేర్చుకునే విద్య కాదు. మీ ఊరికి అందుబాటులో అలాంటి డీలర్ లేకపోతే ఎల్‌పీ12 జోలికి పోవద్దనే నేను చెబుతాను, ఎంత బాగా పాడినా సరే.

నాలుగో అడుగు: అంకెలను చదవండి, భయపడకండి

వేగం తడబాటును వావ్ అండ్ ఫ్లట్టర్ అంటారు. 1200జికి టెక్నిక్స్ చెప్పే అంకె 0.025 శాతం. కొలిచే పద్ధతులు రకరకాలు, ఒక కంపెనీ సగటు చెబుతుంది, ఇంకో కంపెనీ గరిష్ఠం చెబుతుంది. పద్ధతి ఒకటే కాకపోతే రెండు అంకెలను పక్కపక్కన పెట్టడం దండగ.

ఇంకో లెక్క కూడా చూడండి. రికార్డు మధ్య రంధ్రం నడిమికి 0.2 మిల్లీమీటర్లు పక్కన పడిందనుకుందాం. ఇది చాలా మామూలు సంగతి. కేంద్రం నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న గాడి దగ్గర వేగం 0.2 శాతం అటూ ఇటూ ఊగుతుంది. డెక్ తడబాటు కంటే రికార్డు తడబాటే ఎన్నో రెట్లు ఎక్కువ. 1980లలో నకమిచి ఈ తప్పును దానంతటదే సరిదిద్దే టీఎక్స్-1000 అనే డెక్ చేసింది కూడా. కాబట్టి 0.025కూ 0.04కూ ఉన్న తేడా కోసం నిద్ర మానుకోకండి. ముల్లు ఉన్న చెయ్యి ప్రతి చుట్టుకూ పక్కలకు ఊగుతూ కనిపిస్తే అది డెక్ దోషం కాదు, ఆ ప్రెస్సింగ్ (రికార్డు అచ్చు) దోషం.

రంబుల్ (మోటార్, బేరింగుల గురగుర) సంగతీ అంతే. మంచి డెక్‌ల రంబుల్ అంకెలు రికార్డు సొంత గరగర కంటే బాగా కింద ఉంటాయి.

ఐదో అడుగు: ఆర్మ్‌కూ కాట్రిడ్జ్‌కూ జోడీ కుదురుతుందా?

కాగితం మీద ఖచ్చితంగా పనికొచ్చే లెక్క ఇది ఒక్కటే. కాట్రిడ్జ్ స్ప్రింగ్ మెత్తదనం (కంప్లయన్స్), ముల్లు దగ్గర తెలిసే ఆర్మ్ బరువు (ఎఫెక్టివ్ మాస్) కలిసి ఒక సహజ కంపనాన్ని ఏర్పరుస్తాయి. అది 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడాలి. అంతకంటే కిందికి పోతే వంకర రికార్డులు, అడుగుల చప్పుడు దాన్ని రెచ్చగొడతాయి. పైకి పోతే బేస్‌లోకి చొరబడుతుంది.

సూత్రం: ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్, కాట్రిడ్జ్ బరువు, స్క్రూల బరువు కూడండి. వచ్చినదాన్ని కంప్లయన్స్‌తో గుణించండి. దాని వర్గమూలంతో 159ని భాగించండి. ఆర్మ్ 11 గ్రాములు, కాట్రిడ్జ్ ఆర్టోఫోన్ 2ఎం బ్రాంజ్ అనుకుందాం. దాని బరువు 7.2 గ్రాములు, స్క్రూలతో మొత్తం 19. కంప్లయన్స్ 22. గుణిస్తే 418, వర్గమూలం 20.4, జవాబు 7.8 హెర్ట్జ్. కొంచెం తక్కువ, నడుస్తుంది. అదే ఆర్మ్ మీద డెనాన్ డీఎల్-103 పెడితే? ఇది 1960లలో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం తయారైన ఎంసీ (మూవింగ్ కాయిల్, అంటే తీగచుట్ట కదిలే రకం) కాట్రిడ్జ్, గట్టి స్ప్రింగ్. కంప్లయన్స్ 5 అని రాసి ఉంటుంది. అది చూసి బెదరొద్దు. జపాన్ కంపెనీలు 100 హెర్ట్జ్ దగ్గర కొలుస్తాయి, మన లెక్కకు దాన్ని సుమారు రెట్టింపు చేసుకోవాలి. 20 గ్రాములు, కంప్లయన్స్ 9 లేదా 10 వేస్తే జవాబు 11, 12 మధ్య వస్తుంది. ఇదీ సరే.

ఎంసీ కాట్రిడ్జ్ వైపు వెళ్తున్నట్లయితే ఫోనో స్టేజ్ కూడా బడ్జెట్‌లో పెట్టుకోండి. ఎంఎం (మూవింగ్ మాగ్నెట్, అంటే అయస్కాంతం కదిలే రకం) నుంచి 3 నుంచి 5 మిల్లీవోల్టులు వస్తే, ఎంసీ నుంచి అందులో పదో వంతే వస్తుంది. 40 డెసిబెల్స్ పెంపు చాలే చోట 60 కావాలి. చౌక ఫోనో స్టేజ్‌లో ఆ ఆఖరి 20 డెసిబెల్స్‌తో పాటు ‘స్స్’ మనే బుసా వస్తుంది.

ఆరో అడుగు: మీ గది, మీ కరెంటు

బ్రిటన్, అమెరికా సమీక్షల్లో గోడ షెల్ఫు గురించి, స్ప్రింగుల గురించి పేజీలకు పేజీలు రాస్తారు. వాళ్ల ఇళ్లలో చెక్క నేలలు. మనిషి నడిస్తే ముల్లు ఎగురుతుంది. హైదరాబాద్, విశాఖ ఫ్లాట్లలో సిమెంటు శ్లాబు మీద టైల్స్ ఉంటాయి, పిల్లలు గంతులేసినా డెక్‌కు పెద్దగా తెలియదు. మన దగ్గర సమస్య గాలిలోంచి వచ్చే శబ్దం. ఖాళీ గోడలు, నున్నటి నేల, పక్కనే పెద్ద స్పీకర్లు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చెక్క ఇంట్లో ఉండే తెలుగువాళ్లకు మాత్రం ఆ సమీక్షల మాట అక్షరాలా వర్తిస్తుంది.

పరీక్ష సులువు. మోటార్ ఆపేసి, ఆగి ఉన్న రికార్డు మీద ముల్లు దించండి. వాల్యూమ్ మెల్లగా మీరు మామూలుగా వినే స్థాయికి తెచ్చి, డెక్ పెట్టిన బల్లను వేలి కణుపుతో తట్టండి. స్పీకర్‌లో పొడిగా ‘టక్’ మని ఆగిపోతే మంచిది. ‘ధుమ్మ్...’ అని సాగినా, ఊళ పెట్టడం మొదలైనా వెంటనే వాల్యూమ్ తగ్గించండి. ఏ ఖరీదైన డెక్ కొన్నా ముందు ఆ బల్ల మార్చాలి.

అమెరికా నుంచి వస్తూ డెక్ పట్టుకొచ్చేవాళ్లు ఇది తప్పక చదవాలి. వోల్టేజీ తేడాకు స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుందని అనుకుంటారు. కానీ అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. మెయిన్స్‌కు నేరుగా కట్టిన ఏసీ సింక్రనస్ మోటార్ (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగేది) ఉన్న డెక్ ఇక్కడ 33⅓ బదులు 27.8 తిరుగుతుంది. ఐదు శ్రుతిలో పాడిన పాట మూడు శ్రుతిలో వినిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్రీక్వెన్సీని మార్చలేదు, పుల్లీ మార్చాలి. క్వార్ట్జ్‌తోనో సొంత ఎలక్ట్రానిక్స్‌తోనో వేగాన్ని కట్టడి చేసే డెక్‌లకు ఈ బాధ లేదు, వోల్టేజీ ఒక్కటి చూసుకుంటే చాలు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది ప్యూర్ సైన్ వేవ్ రకమో కాదో కూడా చూడండి. స్క్వేర్ వేవ్ మీద ఏసీ మోటార్లు గీపెడతాయి.

ఏడో అడుగు: పక్కపక్కన పెట్టి వినండి, న్యాయంగా

షోరూమ్‌లో రెండు డెక్‌లు వేరువేరు కాట్రిడ్జ్‌లతో వినిపించి ‘తేడా చూశారా సర్’ అంటే, మీరు విన్నది కాట్రిడ్జ్‌ల తేడా. పోల్చాలంటే రెంటికీ ఒకే మోడల్ కాట్రిడ్జ్, ఒకే ఫోనో స్టేజ్, ఒకే రికార్డు ఉండాలి. అదే ఆల్బం రెండో కాపీ పనికిరాదు, ప్రెస్సింగ్‌లలోనే తేడా ఉంటుంది.

తర్వాత వాల్యూమ్. అర డెసిబెల్ పెరిగినా చెవికి ‘గట్టిగా ఉంది’ అనిపించదు, ‘బాగుంది’ అనిపిస్తుంది. టెస్ట్ రికార్డులోని 1 కిలోహెర్ట్జ్ శబ్దం పెట్టి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టేజీ చూసి రెంటినీ సమానం చేయండి. ఒక శాతం లోపు తేడా ఉంటే చాలు. అమ్మేవాళ్లు ఇదంతా చేయనివ్వరు అనిపించొచ్చు. లక్షలు పెట్టే చోట అరగంట అడగడానికి మొహమాటం ఎందుకు? ఒప్పుకోకపోతే రెండు డెక్‌ల ఔట్‌పుట్‌నూ అదే ఫోనో స్టేజ్ గుండా 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసుకుని ఇంటికి తెచ్చుకోండి. సాఫ్ట్‌వేర్‌లో స్థాయి సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా ఇంట్లోవాళ్లతో పెట్టించుకుని వినండి. ఫ్యాన్, ఏసీ ఆపేయండి.

ఏం వినాలి? కర్ణాటక గాత్రం, వయొలిన్ మనకు ఇష్టమైనా వేగం తడబాటు పట్టుకోవడానికి పనికిరావు. గమకంలో స్వరం ఎలాగూ కదులుతూనే ఉంటుంది, చిన్న వణుకు అందులో కలిసిపోతుంది. కచేరీ మొదట్లో తంబుర ఒక్కటే మోగే కొన్ని క్షణాలు వినండి. పియానోలో మీట నొక్కి అలాగే పట్టి ఉంచిన స్వరం ఇంకా మంచిది. వీణ రికార్డులో, ఈమని శంకరశాస్త్రి లాంటివారిది దొరికితే మరీ మంచిది, మీటు తర్వాత నాదం ఎంతసేపు నిలుస్తుందో, ఎలా సన్నగిల్లుతుందో గమనించండి. గురగుర ఉన్న డెక్‌లో ఆ తోక ముందే మాయమవుతుంది. మృదంగంలో ఎడమ వైపు ‘తోం’ గుండ్రంగా ఉందా, ఉబ్బిపోయిందా? ఆ తేడా ఆర్మ్‌దీ, బల్లదీ.

తేడా ఇట్టే తెలియాల్సిన పని లేదు. కానీ కళ్లు మూసుకుని పదే పదే విన్నా ఏది ఏదో చెప్పలేకపోతే, చవకైనది కొని మిగిలిన డబ్బుతో రికార్డులు కొనుక్కోండి.

ఎనిమిదో అడుగు: కొనే రోజు

విడిభాగాలు, సర్వీస్ ఎక్కడ దొరుకుతాయో రాతపూర్వకంగా అడగండి. డస్ట్ కవర్ డెక్‌తో వస్తుందా, విడిగా కొనాలా చూసుకోండి, మన దుమ్ముకు అది అలంకారం కాదు. సెకండ్‌హ్యాండ్‌ది అయితే మోటార్ ఆపి ప్లాటర్ చేత్తో తిప్పండి, గరగరమనకూడదు. ఆర్మ్‌ను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఆడించండి, ‘టిక్’ అని తగిలినట్టు అనిపిస్తే బేరింగ్ పోయినట్టే. బెల్ట్ ఎండలో గట్టిపడి ఉంటే అది చిన్న ఖర్చే, బేరంలో మాత్రం ఉపయోగపడుతుంది.

ఇంటికి తెచ్చాక ముందు స్పిరిట్ లెవెల్‌తో ప్లాటర్ సమతలం చూసి, ఆ తర్వాతే ముల్లు బరువు, కోణం సరిచేయండి. ఈ వరుస తిరగబడితే పని రెండుసార్లు చేయాలి. అట్టపెట్టెను, లోపలి థర్మోకోల్ ముక్కలను, రవాణాకు వేసిన స్క్రూలేవైనా ఉంటే వాటిని దాచి ఉంచండి. ఇల్లు మారినప్పుడు డెక్‌ను వేరే పెట్టెలో పంపితే ప్లాటర్ బరువుకే బేరింగ్ దెబ్బతింటుంది. అటక మీద చోటు లేదని ఇంట్లో గొడవైనా సరే, ఆ పెట్టె మాత్రం పారేయొద్దు.